లేవకముందే తీసిన ఆకు

నూకరత్నం రాసిన ప్రోగ్రాం మళ్ళీ పడిపోయింది.

పడిపోవడం కొత్త కాదు. ఎందుకు పడిపోతోందో తెలియకపోవడమే ఆ పిల్ల ప్రాణం తోడేస్తోంది. ఇంట్లో పెట్టుకుని నాలుగు పెట్టెలు తగిలిస్తే బుద్ధిగా నడుస్తుంది. సంఘం వాళ్ళందరినీ పిలిచి, పడవల పెట్టెలన్నీ ఒక్కసారి కలిపి, ఇదిగో చూడండి అన్నప్పుడే బెల్లం కొట్టిన రాయిలా ఊరుకుంటుంది. ఊరుకునే ముందు ఒకరి పడవ పేరు మీద ఇంకొకరి పడవని చూపించి మరీ పరువు తీస్తుంది.

ఆ పెట్టెల సంగతి ముందు చెప్పాలి. నూకరత్నం వాళ్ళది భీమిలికి అవతల జాలరిపేట. పడవకో చిన్న పెట్టె బిగించారు. పడవ ఎక్కడుందో అది ఒడ్డుకి కబురు పంపుతూ ఉంటుంది. దాని మీద రెండు బొత్తాలు. ఒడ్డుకి వచ్చేస్తే పచ్చది, ప్రాణం మీదికొస్తే ఎర్రది. ఎర్రది నొక్కితే సంఘం షెడ్డులో సైరన్ మోగాలి. ఆ కబుర్లన్నీ అందుకునేది షెడ్డులో ఉన్న ఒక పాత కంప్యూటరు. దాని లోపల పనిచేసేది నూకరత్నం సీ భాషలో రాసిన ప్రోగ్రాం.

సరదాకి రాసింది కాదది. కిందటేడు వేటలో వాళ్ళ మేనమామ పడవ తిరగబడింది. మర్నాటి దాకా ఒడ్డున ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి చేసేదేమీ లేకపోయింది. ఇప్పుడు వేట నిషేధం రోజులు అయిపోవస్తున్నాయి. మొదటి రోజు వెళ్ళే పడవల్లో వాళ్ళ అన్న గురన్నది కూడా ఉంది.

సంఘం పెద్ద ఎర్రన్న మొహమాటం లేకుండా చెప్పేశాడు. "సూడమ్మా, నీ మిషను మరోసారి పడిపోయిందంటే తీసి అవతల పెట్టీస్తాం. మోగుతాదని నమ్ముకుని మోగకపోడం కంటే, అసలు నేకపోడమే నయం."

ఆ మాటకి నూకరత్నానికి ఏడుపొచ్చింది. కానీ అతనన్నదాంట్లో తప్పేముంది? కళ్ళు తుడుచుకుని, బస్సెక్కి, జోగారావు మాస్టారింటికి వెళ్ళింది. ఇవాళ దీని అంతు తేల్చుకునే ఇంటికి వెళ్ళాలనుకుంది.

జోగారావు మాస్టారు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సీ నేర్చుకుంటామని ఎవరొచ్చినా ఇంట్లోనే చెబుతారు. మధ్యాహ్నమైతే అన్నం పెట్టి పంపుతారు. వండటమంటే ఆయనకి మహా ఇష్టం. అంట్లు తోమడమంటే ఒళ్ళు మంట. అందుకని ఆ ఇంట్లో కంచమన్నది లేదు, అంతా అడ్డాకు విస్తళ్ళే. వసారా ఇరుకు కాబట్టి ఒకరు తిని లేస్తే గానీ ఇంకొకరికి చోటుండదు.

మాట మాత్రం బహు పొదుపు. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఇంకేదో పని చేస్తారని పిల్లలు వెనకాల నవ్వుకుంటారు.

"మాస్టారూ, నా లెక్క ప్రకారం తప్పు ఈవెంట్ లూప్ లైబ్రరీదేనండీ," అంది నూకరత్నం, చెప్పులు విప్పుతూనే. "దాన్ని పీకి పారేస్తాను."

ఈవెంట్ లూప్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక్కడే మనిషి అందరి చుట్టూ తిరుగుతుంటాడనుకోండి. ఎవరు పిలిస్తే వాళ్ళ పని చూసి, మళ్ళీ తిరుగుతాడు. అలా తిరిగేవాణ్ణి ఎవరో ముందే రాసిపెట్టి ఉంచితే, మనం తెచ్చుకుని వాడుకునేదే లైబ్రరీ. పిలుపు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో మనం ముందే రాసి అతని చేతికిస్తాం. అలా రాసిచ్చినదాన్ని కాల్‌బ్యాక్ అంటారు. ఎవరి దగ్గరా పాతుకుపోకుండా తిరగబట్టే, ఒక్కడితోనే అన్ని పడవల పనీ జరిగిపోతుంది.

మాస్టారు పప్పు ఎనుపుతూ అడిగారు. "పడవ వెళ్ళిపోతే ఏం చేస్తున్నావమ్మా?"

"క్లోజ్ చెయ్యమని లైబ్రరీకి చెబుతానండీ. చెప్పిన మరుక్షణం ఆ పడవ కోసం తీసుకున్న మెమరీ ఫ్రీ చేసేస్తాను. తరవాత వచ్చే పడవకి అదే పనికొస్తుంది. నా ప్రోగ్రాంలో ఒక్క బైటు వృథా పోదండీ!"

ఎంత ఏడుపులో ఉన్నా ఆ చివరి మాట దగ్గర గొంతు కాస్త లేచింది.

"ఊఁ," అన్నారు మాస్టారు. "అన్నానికి రా."

మొదటి బంతిలో కూర్చుంది నూకరత్నం. పప్పు అయింది, పులుసు అయింది, మజ్జిగ పోసుకుంది. మాస్టారు మళ్ళీ అన్నం పట్టుకొస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు మాస్టారూ" అంది. అని, పక్కనున్న పిల్ల వైపు తిరిగి, ఆ దిక్కుమాలిన లైబ్రరీ తననెంత ఏడిపిస్తోందో చెప్పడం మొదలెట్టింది.

మాస్టారు వంగి, మజ్జిగన్నంతో సహా ఆమె ఆకు చప్పుడు కాకుండా లాగేశారు. అక్కడే కొత్త ఆకు వేసి, వేడన్నం పెట్టి, పప్పు వేసి, నెయ్యి కూడా వేసి, చోటు కోసం గుమ్మంలో నిలబడ్డ శిష్యుణ్ణి చూసి, "సన్యాసినాయుడూ, రా, కూర్చో" అన్నారు.

నూకరత్నం మాటల ధోరణిలో ఉంది. అటే చూస్తూ ఆకులో చెయ్యి పెట్టి, కలిపి, ముద్ద ఎత్తింది. చెయ్యి చురుక్కుమంది.

"మాస్టారో! నా అన్నం ఎంగిలి చేసీసింది!" అని సన్యాసినాయుడు లబోదిబోమన్నాడు.

నూకరత్నం చేతిలోని పప్పన్నం కేసి, ఆకు కేసి మార్చి మార్చి చూసింది. "ఇదేంటండీ? నా ఆకేదీ?"

"చాలన్నావు కదమ్మా."

"చాలంటే ఇంక వడ్డించొద్దని గానీ, ఆకులోది తినననా? నేనింకా లేవందే!"

మాస్టారు ఎంగిలాకు తీసి అవతల పెట్టి, సన్యాసినాయుడికి ఇంకో ఆకు వెతకడానికి లోపలికి వెళ్ళారు.

తినేవాడు లేవకుండా ఆకు తీయకూడదని చంటిపిల్లాడికి కూడా తెలుసు. నూకరత్నానికి తెలియదా? ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. క్లోజ్ అంటే లైబ్రరీ సరేనంది. సరేనంది గానీ, లేచిందా? దాని చేతిలో ఇంకా ఎన్ని ముద్దలు మిగిలున్నాయో ఎప్పుడైనా చూసిందా తను? ఒకరి పడవ చోట ఇంకొకరి పేరు ఎలా వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఎంగిలి!

చెయ్యి కడుక్కుని, చెప్పకుండానే బస్సుకి పరిగెత్తింది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా మొహం వెలిగిపోతూ వచ్చింది. "దొరికిందండీ మాస్టారూ! క్లోజ్ అన్నాక, ఫ్రీ చేసేముందు స్లీప్ పెట్టాను. కాసేపు ఆగుతుంది. ఆలోగా అది లేచిపోతుంది కదండీ. నిన్నట్నుంచి ఒక్కసారి కూడా పడలేదు."

"ఆగేదెవరు?"

"ప్రోగ్రామేనండీ."

"ఊఁ. అన్నానికి రా."

ఈసారి నూకరత్నం ఎడం చేత్తో ఆకు అంచు గట్టిగా పట్టుకుని మరీ తింది. బంతిలో అందరూ కిసుక్కుమన్నారు. నవ్వితే నవ్వారులే, ఆకు మాత్రం వదిలేది లేదనుకుంది. ఆఖరి మెతుకు దాకా తిని, "చాలు మాస్టారూ" అంది.

మాస్టారు అన్నం గిన్నె పట్టుకుని వచ్చి, సరిగ్గా ఆమె ఆకు ముందు నిలబడ్డారు. కాలి వేళ్ళు ఆకుకి తగులుతున్నాయి. నిలబడి కళ్ళు మూసుకున్నారు.

వెనకాల గోడ. అటూ ఇటూ తింటున్న జనం. ఎదురుగా మాస్టారు.

"మాస్టారూ, ఇటు పప్పండీ," అన్నారొకరు. కదల్లేదు.

"మాస్టారూ, నాకసలు అన్నమే రాలేదు," అన్నాడు సన్యాసినాయుడు. వాడి ఖర్మ ఏమిటో, రెండు రోజులూ వాడి మీదికే వచ్చింది. మాస్టారు ఉలకలేదు, పలకలేదు.

నూకరత్నం చెయ్యి ఎండిపోయింది. "మాస్టారూ, ఏం చేస్తున్నారండీ?"

కళ్ళు తెరవకుండానే అన్నారు. "నువ్వు లేచేదాకా ఆగుతున్నా."

"మీరు అడ్డంగా నిలబడితే నేనెలా లేవనండీ!"

బంతంతా ఘొల్లుమంది. మాస్టారు కళ్ళు తెరిచారు. ఇంక చాలాసేపయింది కదా అన్నట్టు వంగి, కూర్చునున్న పిల్ల ముందు నుంచి ఆకు తీసుకుని వెళ్ళిపోయారు.

నూకరత్నం నవ్వలేదు. చెవులు వేడెక్కిపోయాయి. అందరి ముందూ ఇలా చెయ్యాలా ఈయన అని చచ్చేంత కోపమొచ్చింది. బస్సు పేట చేరేదాకా ఆ కోపం ఉంది. షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చుని, తను రాసిన స్లీప్ అన్న మాట కేసి చూశాక పోయింది. తిరగాల్సిన మనిషిని నిలబెట్టేసి, నువ్వెళ్ళి ఆ పని ముగించుకు రా అంటే ఎలా వెళ్తాడు?

స్లీప్ కొట్టేసింది. ఫ్రీని కూడా అక్కణ్ణుంచి తీసేసింది. క్లోజ్ చెయ్యమని చెప్పేటప్పుడు, పని పూర్తయ్యాక పిలవడానికి ఒక కాల్‌బ్యాక్ ఇవ్వమని లైబ్రరీ మొదట్నుంచీ అడుగుతూనే ఉంది. అక్కడ ఏమీ లేదని రాసిచ్చింది తనే. ఇప్పుడు ఒకటి రాసింది. అందులో ఉన్నది ఒక్కటే పని, మెమరీ ఫ్రీ చెయ్యడం.

అక్కడితో ఊరుకోలేదు. వేట మొదలయ్యేదాకా ఆ పిల్లకి అదే పని. పెట్టెలన్నీ ఒక్కసారి వెయ్యడం, ఒక్కసారి కట్టడం, కబురు మధ్యలో ఉండగా తీగ పీకడం. "ఒలే, బొత్తాలరిగిపోతాయే!" అని గురన్న మొత్తుకున్నాడు. "అరగనీ," అంది. పడిపోతే ఇప్పుడే పడిపోవాలి. అన్న సముద్రం మీద ఉండగా పడిపోవడానికి మాత్రం వీల్లేదు. అది పడిపోలేదు.

వేట మొదలైన రోజు తెల్లవారుజామునే పడవలన్నీ దిగాయి. పొద్దెక్కేకొద్దీ గాలి లేచింది. మధ్యాహ్నం దాటేసరికి ఒక్కొక్కటే తిరుగుముఖం పట్టాయి. ఒక్కొక్కరూ పచ్చ బొత్తాం నొక్కడం, ఒడ్డెక్కడం, పెట్టె కట్టెయ్యడం, షెడ్డులో తెర మీంచి ఒక్కొక్క పేరూ పోవడం. ఎర్రన్న ఉదయం నుంచీ అక్కడే కూర్చుని చూస్తున్నాడు. మిషను తొణకలేదు.

చివరికి గురన్న పడవ ఒక్కటే మిగిలింది. దాని పక్కనా పచ్చ చుక్క వెలిగింది.

"గురన్న కూడా పచ్చది నొక్కీసినాడు," అని ఎర్రన్న లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "నీ మిషను గట్టిదేనమ్మా, ఒప్పుకున్నాను. మరి కట్టీ, పోదాం." అని స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

నూకరత్నం ఆ చెయ్యి పట్టుకుంది. పెద్దాయన, సంఘం పెద్ద. అయినా పట్టుకుంది.

"చాలన్నాడు చిన్నాన్నా. ఇంకా లేవలేదు."

"ఏటే?"

"పేరింకా తెర మీదే ఉంది. అది పోయేదాకా కట్టను."

"అదుగో, పడవ కనబడతంటే!" అని విసుక్కున్నాడు ఎర్రన్న. నిజమే, కనబడుతోంది. ఒడ్డు కనిపించగానే గురన్న తొందరపడి నొక్కేశాడు, అంతే. ఇంకా కెరటాల అవతలే ఉన్నాడు. "సిన్నపిల్లవి, నీకేటి తెలుసు" అని ఎర్రన్న ఏదో అనబోయాడు.

సైరన్ మోగింది.

అక్కడి కెరటాలు మామూలువి కావు. సముద్రమంతా ఈదొచ్చినవాణ్ణి ఒడ్డు దగ్గర మింగే రకం. పడవ అడ్డం తిరిగి ఒరిగిపోతుంటే ఎవరో ఎర్ర బొత్తాం మీద చెయ్యేశారు. వలలు దులుపుకుంటున్న జనం, స్నానానికి పోతున్న జనం, అప్పుడే ముద్ద నోట్లో పెట్టుకున్న జనం, అంతా తాళ్ళు పట్టుకుని నీళ్ళలోకి ఉరికారు. అందరికంటే ముందు ఎర్రన్నే ఉరికాడు.

పెట్టె నీళ్ళలో మునిగినట్టుంది, తెర మీంచి గురన్న పడవ పేరు పోయింది. నూకరత్నం అయినా స్విచ్చి ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి, పోలమ్మ తల్లికి మొక్కుకుంటూ, నీళ్ళ కేసి చూస్తూనే ఉంది. ఒకణ్ణి లాక్కొచ్చారు. ఇంకొకణ్ణి లాక్కొచ్చారు. చివర్లో ఎర్రన్న జబ్బ పట్టుకుని ఈడ్చుకొచ్చింది గురన్నని. ఇసుకలో బోర్లా పడి ఉప్పునీళ్ళు కక్కి, మోకాళ్ళ మీద వంగి, తూలుతూ లేచి నిలబడ్డాడు.

అప్పుడు కట్టింది స్విచ్చి.

మర్నాడు మాస్టారింటికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆయన పప్పు ఎనపడం ఆపి విన్నారు. విని, "ఊఁ. అన్నానికి రా" అన్నారు.

మొదటి బంతిలోనే కూర్చుంది. ఈసారి ఆకు పట్టుకోలేదు. మజ్జిగ దాకా తిని "చాలు మాస్టారూ" అంది. అన్నాక అలాగే ఉండిపోయింది. ఇసుక మీద తూలుతున్న అన్న కళ్ళ ముందు నుంచి కదలటం లేదు. మేనమామ కూడా కదలటం లేదు. కళ్ళ నీళ్ళు మజ్జిగలో పడుతున్నాయి.

మాస్టారు అన్నంతో ఒకసారి, పులుసుతో ఒకసారి ఆమెని దాటుకుని వెళ్ళారు. ఆగలేదు, ఆకు ముట్టుకోలేదు.

చోటు కోసం గుమ్మంలో నిలబడ్డ సన్యాసినాయుడికి ఆకలి దంచేస్తోంది. "మాస్టారూ, ఆమె చాలని ఎప్పుడో అనీసింది. ఆకు తీసీయొచ్చు కదండీ?"

మాస్టారు పప్పు గిన్నెతో ముందుకి నడుస్తూనే అన్నారు.

"లేచాక తనే పిలుస్తుందిలేరా. నువ్వీలోగా అందరికీ మంచినీళ్ళు పొయ్యి."