పిండి మర చక్రంలో దయ్యం

అనగనగా ఒక ఊరు. ఆ ఊరి రాజుగారికి ఒక పిండి మర ఉండేది. రాజుకి పిండి మరేంటి అమ్మమ్మా అనకు పండూ, కథ నాదా నీదా? ఆయనకి జొన్నరొట్టెలంటే ప్రాణం, పెట్టుకున్నాడు. ఊరందరికీ అదే మర.

ఓనాడు మర బెల్టు చక్రం కాస్తా పగిలింది. రాజుకి రొట్టెల్లేవు, ఊరికీ లేవు. ఆకలి మీదున్న రాజు కోపం ఎలా ఉంటుందో చూసుకోండి! పోతపని చేసే కోటయాచారిని పిలిచి, శుక్రవారానికల్లా కొత్త చక్రం పోసి తెమ్మన్నాడు. తేకపోతే కొలిమి పగలగొట్టి, ఇంటిల్లిపాదినీ ఊళ్ళోంచి తరిమేస్తానన్నాడు. ఊ కొడుతున్నారా? ఆఁ.

కోటయాచారి కొలిమి పెరట్లోనే. పనిమంతుడే గానీ మహా చాదస్తం. కర్రతో చక్రం చెక్కి, ఇసకలో నొక్కి తీసి, అచ్చు కట్టాడు. ఇంట్లో సత్తు గిన్నెలు, అదేనర్రా అల్యూమినియంవి, మూసలో కరిగించాడు. పోసేముందు అచ్చు మీద పసుపునీళ్ళు చల్లడం వాళ్ళింటి ఆచారం. వాళ్ళ నాన్న నాలుగు చుక్కలు చల్లేవాడు. ఈయనకి రాజుగారి భయం కదా, ఇలవేల్పుకో చెంబు, గ్రామదేవతకో చెంబు, పోయిన తాతకో చెంబు గుమ్మరించాడు. పోత పోశాడు. బుస్సు... బుడబుడ... ఢాం! సగం మీసం కాలింది. వచ్చిన చక్రం జల్లెడే.

అచ్చులో దయ్యం దూరిందన్నాడు కోటయాచారి. భూతవైద్యుడు గంగులొచ్చి ఏడు చెంబుల మంత్రం నీళ్ళు పోశాడు. మళ్ళీ పోత. బుస్సు... బుడబుడ... ఢాం! గంగులు పంచె అంటుకుంది. ఇది మొండి దయ్యం, పద్నాలుగు చెంబులు కావాలన్నాడు, కాలిన పంచెతో నీళ్ళ తొట్టిలో కూర్చునే! చిమ్మిపోయిన సత్తు తరుగు పూడ్చడానికి అన్నం గిన్నె పోయింది, పాల గిన్నె పోయింది, కూర గిన్నె కూడా పోయింది.

కోడలు నాంచారమ్మ ఆ పూట గారెలు వేస్తోంది. తడిచెయ్యి విదిలిస్తే నూనె బుస్సుమని మణికట్టు మీద చిట్లింది. ఓసి, దయ్యం ఇదా అనుకుంది. కానీ మావగారికి సూటిగా చెబితే వింటాడా? గారెలు వేసుకునేదానివి నాకు పని నేర్పుతావా అని లేస్తాడు. అందుకని, దయ్యం నాకు కల్లోకొచ్చింది మావయ్యా, దానికి దాహమట, నీళ్ళున్న చోటికే వస్తుందట అంది. నీళ్ళన్నీ అరటిచెట్టు మొదట్లో పొయ్యమంది. అచ్చుకి కొత్త ఇసక తెమ్మంది. పిడికిట పడితే ముద్ద కట్టాలట, చెయ్యి మాత్రం తడవకూడదట.

గురువారం అలాగే పోశాడు. బుస్సు లేదు, బుడబుడ లేదు, ఢామ్మూ లేదు. చక్రం నిగనిగలాడుతూ వచ్చింది! ఇసక పట్టి చూడమని దయ్యాలు చెప్పవని, అదంతా కోడలి తెలివేనని ఆయనకి అప్పుడు తట్టింది. సిగ్గేసింది పాపం.

శుక్రవారం మర గిర్రున తిరిగింది. రాజుగారు రొట్టె తింటూ, దయ్యాన్ని తోలినవాడికి శాలువా కప్పుతానన్నాడు. గంగులు అప్పటికే మెడ వంచేశాడు! కోటయాచారి ముందుకొచ్చాడు. నిండు సభలో చెప్పాడు.

"దయ్యమూ లేదు, గియ్యమూ లేదు మహారాజా. ఉన్నది నా చాదస్తం. దాన్ని వదిలించింది మా కోడలు."

శాలువా నాంచారమ్మకే కప్పారు. గంగులుకి రెండు రొట్టెలు పెట్టి పంపారు. ఎంత పనిమంతుడైనా ఇంట్లోవాళ్ళ మాట చెవిన పెట్టాలర్రా. కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పటి దారి పట్టండి.