ముద్ద ఎక్కడ ఆగుతోంది

“మా ఇంట్లో ఒకరు వడ్డించడం, ఒకరు తినడం ఉండదు. ఇద్దరం కలిసే వండుతాం, కలిసే కూర్చుంటాం.” దండల పెళ్లి వేదిక మీద మైకు పట్టుకుని వీరేశం ఇచ్చిన మాట ఇది. అతని సహచరులం, మేమందరం చప్పట్లు కొట్టాం.

నాలుగేళ్ల తర్వాత అదే వీరేశం, మాకు రాజకీయ పాఠాలు చెప్పే పిచ్చయ్య మాస్టారిని అడిగాడు: “జనం ఇంత అన్యాయాన్ని నోరెత్తకుండా ఎలా భరిస్తున్నారు మాస్టారూ?”

ఆయన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. “ఆదివారం మీ ఇంట్లో చర్చ ఉందిగా, వస్తాను” అన్నారు.

ఆదివారం చర్చ ముగిసేసరికి రెండు దాటింది. వీరేశం భార్య హైమ వడ్డించింది. మేం అన్నం కలుపుకుంటున్నాం. మాస్టారు మాత్రం కంచంలో చెయ్యి పెట్టలేదు.

“నువ్వూ కూర్చో అమ్మా.”

“ఇప్పుడే బిళ్ళ వేసుకున్నాను మాస్టారూ, అరగంట ఆగాలి. గుండెల్లో మంట. మీ శిష్యులు దోపిడీ వ్యవస్థను కూల్చి లేచేదాకా నాకు టీలే గతి.”

నవ్వబోయి ఆగిపోయాం. ఆ బిళ్ళల అట్ట పోపులపెట్టెలో, ఆవాల పక్కన ఉంది.

వీరేశం అందుకున్నాడు. “చూశారా మాస్టారూ, డాక్టరు చీటీ లేకుండానే మందులు అమ్ముతారు. రోగాన్ని కూడా సరుకు చేసింది పెట్టుబడి.”

మాస్టారు అతని వైపు చూడలేదు. “ఎప్పటినుంచమ్మా ఈ బిళ్ళలు?”

“గుర్తులేదండీ. మొదట్లో పులుపు తిన్న రోజే వేసుకునేదాన్ని. ఇప్పుడు రోజూ వేసుకున్నా ముద్ద సరిగ్గా దిగడం లేదు.”

“డాక్టరుకు చూపించారా?”

“ఈయనకు తీరిక దొరకాలిగా.”

మాస్టారు వీరేశాన్ని అడిగారు. “ముద్ద ఎక్కడ ఆగుతోంది ఈమెకు?”

వీరేశం తడుముకుంటూ పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. హైమ చెయ్యి అప్పటికే గొంతు కింద ఉంది. అది చూసి అతను చెయ్యి దించేశాడు. ఆ ఇంట్లో ఎన్ని ఆదివారాలు తిన్నామో, ఆమె తిన్నదా అని ఒక్కరం అడగలేదు.

మాస్టారు తినకుండానే కంచం ముందు నుంచి లేచారు.

“జనం ఎలా భరిస్తున్నారని అడిగావుగా, ఆ ప్రశ్న కంటే ముందు నాదొకటి ఉంది వీరేశం. ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. బయట నిలబడకు, పక్కన కూర్చుని విను. ముద్ద ఎక్కడ ఆగుతోందో వచ్చే ఆదివారంలోగా నాకు చెప్పాలి.”