చండసేనుడి సొరబుర్ర

రాముడి దయవల్ల అందరూ చేరారు గదా, ఇక వినండర్రా! అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు చండసేనుడు. పేరెంతో కోపమూ అంతే! కాలికి రాయి తగిలితే ఆ రాయిని కొరడాతో కొట్టించేవాడు.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు మందారవల్లి అనే రాజకుమారిని చెరపట్టాడు. విడిపించబోయిన పెద్దన్న రాయయ్యాడు. వెతకబోయిన చిన్నన్న రాయయ్యాడు. ఇక చండసేనుడు బయల్దేరాడు. పెంచిన దాది సొరబుర్ర నిండా తులసి నీళ్లు పోసిచ్చింది.

"కోపమొస్తే గుక్కెడు పుక్కిట పట్టు నాయనా. మంట చల్లారాకే మింగు. నోరు నిండుగా ఉంటే మాట జారదు."

ఒక ముసలి తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"బాబూ, ఆ కరాళుడి ప్రాణం పంజరంలో చిలక దగ్గరుంది. అది తిడుతుంది. కోప్పడ్డావో, రాయైపోతావు!"

"మరి ఎలా గెలవాలి తాతా?"

"నాకేం తెలుసు? నాకు వచ్చిందల్లా డిప్పలోకి ముడుచుకోవడమే!"

కోటలోకి అడుగుపెట్టగానే చిలక అరిచింది. "ఓహో, మూడో బండ నడిచొచ్చింది!"

చండసేనుడు గుక్కెడు పుక్కిట పట్టాడు. చల్లారాక మింగాడు.

"మీ పెద్దన్న మీద మా వాళ్లు బట్టలుతుకుతున్నారు!"

మళ్లీ గుక్కెడు. మళ్లీ మింగాడు.

"ముగ్గురు మొద్దుల్ని కన్న మీ అమ్మదీ ఒక కడుపేనా!"

చెయ్యి కత్తి మీదికి పోయింది. కాలివేళ్లు అప్పుడే రాయవుతున్నాయి! దారిలో వచ్చిన కోపాలకు ఖర్చైపోగా సొరబుర్రలో మిగిలింది ఒక్క గుక్కెడే. ఎత్తబోతూ చిలక వంక చూశాడు. పగిలిన ముక్కు, ఎండిన గిన్నె, చుట్టూ మిరపకాయల కుప్ప.

"చిలకమ్మా, దాహమేస్తోందా?"

ఆ ఆఖరి గుక్కెడూ గిన్నెలో పోశాడు. కాలివేళ్లు కదిలాయి. చిలక గటగటా తాగి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇన్నాళ్లకు నువ్వొక్కడివి అడిగావు నాయనా! ఆ కరాళుడు మిరపకాయలే మేపుతాడు. నా నోటి మంటలోనే వాడి ప్రాణం దాచాడు."

కరాళుడు పరిగెత్తుకొచ్చాడు. "తిట్టవే! తిట్టవే!"

"రామ రామ!" అంది చిలక చల్లగా.

అంతే, నీళ్లు చల్లిన పొయ్యిలా మాంత్రికుడు పొగై పోయాడు!

చెర తలుపులు తెరుచుకుని మందారవల్లి బయటికొచ్చింది. అన్నలూ మనుషులయ్యారు. పెద్దన్న లేస్తూనే కత్తి దూశాడు. "నా వీపు మీద ఉతికింది ఎవడ్రా!"

చండసేనుడు నవ్వుతూ సొరబుర్ర అందించాడు. తీరా అది ఖాళీ! మందారవల్లి పరుగున వెళ్లి నింపుకొచ్చింది.

"మీ ఇంట్లో ఇది ఎప్పుడూ నిండుగానే ఉంచాల్సి వచ్చేలా ఉంది," అంది.

"నింపడానికి మీరు వస్తారా?" అన్నాడు చండసేనుడు.

"మీరూ తోడితే వస్తాను!"

పెళ్లి వైభవంగా జరిగింది. చిలక అక్షింతలు చల్లింది. కోపం గెలిచినవాడే ఏలాలని తండ్రి రాజ్యం మూడోవాడికే అప్పగించాడు. వాళ్లిద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో తీర్పు చెప్పే ముందు రాజు గుక్కెడు నీళ్లు పుక్కిట పట్టేవాడు.

కథ ఒడ్డెక్కింది. లేవండర్రా, తలో గుక్కెడు తాగి, రామా అనుకుని పడుకోండి!