సుగంధి పాకం దొంగ

ఎండలు తప్ప మరేదీ సరిగా పండని ఒకానొక రాజ్యాన్ని గండభూపాలుడు ఏలుతుండేవాడు. ఆయనకు ముప్పై రెండు బిరుదులు. ఎక్కడ అడుగుపెట్టినా ముందుగా వందిమాగధుడు వాటన్నిటినీ ఎలుగెత్తి చదవాలి. చదివినంతసేపూ అక్కడున్నవాళ్ళు చేతిలో పని వదిలేసి, లేచి, చేతులు కట్టుకుని నిలబడాలి. అది ఆ రాజ్యపు ఆచారం.

ఒక వేసవిలో వేటనుంచి అలసి సొలసి వస్తున్న రాజుకు, కొండకింద ఓబులమ్మ అనే అవ్వ తన ఇంట్లో కాచిన సుగంధిపాల పాకం నీళ్ళలో కలిపి చెంబుతో ఇచ్చింది. ఒక్క గుక్కకే ఆయనకు ప్రాణం లేచివచ్చింది. తొలివాన వాసనలాంటిదేదో గొంతులోంచి దిగి కడుపంతా చల్లబడింది. ఇంతటి రుచి కోటలో ఉండాలిగానీ పూరింట్లో ఉండటమేమిటి అనుకున్నాడు.

రాజు కోటకు పిలిపిస్తే అవ్వ వంటవాళ్ళకు పద్ధతంతా చెప్పింది. సుగంధిపాల తీగ వేళ్ళు కడిగి, దంచి, రాత్రంతా నానబెట్టాలి. ఆ నీళ్ళు వడగట్టి, పటికబెల్లం వేసి, తీగపాకం వచ్చేదాకా కాచి, దించాక నిమ్మరసం పిండాలి. అంతే. కానీ కోటలో మూడుసార్లు కాస్తే మూడుసార్లూ మాడింది. మూడుసార్లూ రాజుగారు స్వయంగా వెళ్ళి చూశారు కూడా!

"ముసల్ది ఏదో దినుసు దాచింది," అని మండిపడ్డాడు రాజు. "రేపు పొద్దుగూకేలోగా బయటపెట్టకపోతే ఇల్లూ వాకిలీ వదిలి రాజ్యం దాటిపోవాలి."

"దాచడానికి నా కాడ ఏముంది సామీ!" అంటూ అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ బొల్లన లేచాడు. "ప్రభూ, దినుసు ఎవరూ దాచలేదు. రుచిని ఎవడో దొంగిలిస్తున్నాడు. రేపు అవ్వచేత ఇక్కడే కాయించండి, మీ కళ్ళముందే దొంగను పట్టిస్తాను. పట్టిస్తే వాణ్ణి మళ్ళీ వంటశాల గడప తొక్కనివ్వరుగదా?"

"ఎంతటివాడైనా సరే! మా మాటకు తిరుగులేదు."

మర్నాడు వంటశాలలో పాకం కుతకుతలాడుతుండగా రాజు వేంచేశాడు. వందిమాగధుడు అందుకున్నాడు. అవ్వ గరిటె వదిలేసి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె చూపు మాత్రం బాణలి మీదే ఉంది. పదో బిరుదుకు పాకం ముదిరింది. ఇరవయ్యో బిరుదుకు పొగ లేచింది. ముప్పై రెండోది పూర్తయ్యేసరికి బాణలిలో బొగ్గు మిగిలింది.

"ఏడీ దొంగ?" గర్జించాడు రాజు.

"మీకంటే ముందే లోపలికొచ్చాడు ప్రభూ. వాడికి ముప్పై రెండు పేర్లు. పాకానికీ మాడుకీ మధ్య గరిటె ఆపకూడని క్షణం ఒకటుంటుంది. సరిగ్గా దాన్నే ఎత్తుకుపోతాడు."

రాజు వందిమాగధుడి వంక చూశాడు. వందిమాగధుడు నేల చూపులు చూశాడు. ఇచ్చిన మాట గొంతులో వెలక్కాయలా పడింది. చివరికి చేత్తోనే అతణ్ణి బయటికి పొమ్మని సైగచేసి, మూలనున్న పీట లాక్కుని కూర్చున్నాడు.

"మళ్ళీ కాయి అవ్వా."

మిగిలిన వేళ్ళ నీళ్ళతో అవ్వ మొదలుపెట్టింది. తాను వచ్చాక కూడా ఆగని పనిని రాజు చూడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. బురదనీళ్ళలా ఉన్నది చూస్తుండగానే కెంపురంగు తిరిగింది. పెద్ద బుడగలు చిన్నవయ్యాయి. కొండంత వాసన గదిలోకి వచ్చింది. అవ్వ ఒక్క చుక్క వేళ్ళమధ్య తీసి సాగదీసింది. వెంట్రుకకన్నా సన్నని తీగ, తెగకుండా, వెలుతురులో నిలబడింది! అది మంత్రం కాదు, ముసలి చేతుల నేర్పు. రాజుకు ఒళ్ళు పులకరించింది.

బొల్లన చిన్నగా దగ్గాడు. "ప్రభూ, తమరు లేచి నిలబడ్డారు."

రాజు చూసుకున్నాడు. చేతులు కూడా కట్టుకుని ఉన్నాడు! మరుక్షణం వంటశాల అదిరేలా నవ్వాడు.

బొల్లనకు తన మెడలోని హారం వేశాడు. సుగంధిపాల తీగలు అల్లుకున్న కొండను అవ్వకు రాసిచ్చాడు. అంతటితో తనివి తీరక, "అవ్వా, నీకొక బిరుదు కూడా ఇస్తాను," అన్నాడు.

బాణలి దించిన అవ్వ గరిటె ఆపలేదు, తల కూడా తిప్పలేదు.

"వద్దు నాయనా, అది చదివేలోగా పాకం ముదిరిపోతుంది. కాస్త ఆ నిమ్మకాయ ఇట్టా అందుకో."

ముప్పై రెండు బిరుదుల మహారాజు పరుగున వెళ్ళి నిమ్మకాయ అందించాడు.