ఏడు వీధుల క్షమాభిక్ష

ఒక ఊళ్ళో పెళ్ళికూతుళ్ళకు పూలజడలు కుట్టే ఆమె ఉండేది. ఒకనాడు ఆమె అంగట్లో ఒక దువ్వెన దొంగిలించింది.

కొమ్ముదువ్వెన. తన పాతదానికి నాలుగు పళ్ళే మిగిలాయి, మర్నాడేమో పెద్దింట్లో పెళ్ళి. కుచ్చిళ్ళలో దోపుకుని గడప దాటుతుంటే అంగడి ఆసామి చెయ్యి పట్టుకున్నాడు. తూకంలో రాళ్ళు మార్చే చెయ్యే అయినా, పట్టు మాత్రం గట్టిది.

న్యాయాధికారి దయగల మనిషి. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే ముందు ఆయనే చెప్పేవాడు.

"ఇదివరకు ఎప్పుడైనా తీశావా?"

"లేదయ్యా. ఇదే మొదలు."

"అయితే జైలు లేదు. క్షమించాను, పో."

ఆమె నేలకు నుదురు ఆనించి మొక్కింది. తను గాక సంగతి తెలిసింది ఇద్దరికే. ఆ ఇద్దరూ నోరు మెదపకపోతే తన బతుకు తనకుంటుందని, దారి పొడుగునా వాళ్ళ పేర దణ్ణాలు పెట్టుకుంటూ ఇల్లు చేరింది.

కాని ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. శిక్షైనా క్షమైనా, తీర్పు అన్నాక ఏడు రోజులు ఏడు వీధుల్లో టముకు వేసి చెప్పాలి. చెప్పని తీర్పు చెల్లదు.

తెల్లారగానే టముకువాడు బయల్దేరాడు. "పూలజడలామె దువ్వెన దొంగిలించిందహో! మొదటి తప్పని క్షమించారహో! ఆమెను ఎవరూ దొంగ అనరాదహో!"

ఎవరూ అనలేదు. చట్టమంటే ఆ ఊరికి అంత గౌరవం. పెద్దింటావిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "మాకలాంటి పట్టింపుల్లేవమ్మా. పిల్లే జారుముడి చాలంటోంది," అంది. లోపల నగలపెట్టెకు తాళం పడింది. ఆ నగలు ఎరువు తెచ్చినవని ఊరంతటికీ తెలుసు. వాటికి మాత్రం టముకు లేదు.

ఆ నెలలో ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ ఒక్కసారిగా జారుముడి మీద మోజు పుట్టింది.

"ముప్పయ్యేళ్ళు హరికథలు చెప్పినా మా ఆయనకి ఇంత పేరు రాలేదు వదినా," అంది పక్కింటామె, అరుగు మీది ఇత్తడిచెంబు లోపల పెట్టుకుంటూ.

పూలజడలామె మళ్ళీ న్యాయాధికారి కాళ్ళ మీద పడింది. "ఆ మాట ఆపించండయ్యా. నన్నెవరూ గడప తొక్కనివ్వడం లేదు."

ఆయన మనసు కరిగింది. ఆపమని తీర్పిచ్చాడు. తీర్పు గనక మర్నాడు మళ్ళీ టముకు మోగింది. "పూలజడలామె దువ్వెన దొంగిలించిందని ఇకమీదట ఎవరూ చాటరాదహో!"

ఏడు రోజులు, ఏడు వీధులు.

పొయ్యిలో పిల్లి లేవడం మానేసింది. ఇక మిగిలింది జైలు. అక్కడైతే పూటకింత ముద్ద పెడతారు. తనను చూసి దాచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. ఆమె అక్కడికి నడిచింది.

"మొదటి తప్పువాళ్ళకు ఇక్కడ చోటు లేదమ్మా," అన్నాడు జైలరు. "రెండోది చేసి రా."

"ఏ అంగట్లోకీ రానివ్వడం లేదు బాబూ. ఎక్కడ చెయ్యను?"

జైలరు ఆలోచించాడు. అతను ఆలోచించగా అంతకుముందు ఎవరూ చూడలేదు.

"అదీ నిజమే," అన్నాడు.

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

"వేళ్ళు తియ్యమ్మా, నలుగుతాయి," అని మర్యాదగా చెప్పి, అతను లోపలినుంచి గడియ వేసుకున్నాడు.