నాలుగు వేళ్ళు పెద్దదైన బొమ్మ

ఒకానొక రాజ్యంలో రాజుగారికి బొమ్మలంటే ప్రాణం. వాటిని మరొకరు చూసి అర్థం చేసుకోవడమంటే మాత్రం గిట్టదు. ఆయన కోటలో ఒక మంటపం ఉంది. దాని గోడల నిండా ఏడు తరాల చిత్రకారులు గీసిన బొమ్మలే.

ఆ కొలువులో నారయ్య అనే ముసలి లేఖకుడు ఉండేవాడు. ఏ బొమ్మ ఎవరి కాలానిదో, ఎందుకలా గీశారో ముప్పై ఏళ్ళు తవ్వి తీసి, అందరికీ తెలిసే తెలుగులో తాటాకుల మీద రాశాడు. సంతకు వచ్చినవాళ్ళను మంటపంలో కూర్చోబెట్టుకుని చదివి వినిపించేవాడు.

ఆస్థాన పండితుడు శేషభట్టుకు ఇది కంటగింపు.

"చిత్రశాస్త్రం మజ్జిగ అమ్ముకునేవాళ్ళకా ప్రభూ? వాళ్ళకు రంగులు తప్ప ఏం కనిపిస్తాయి? ఆ పుస్తకాన్ని ఏట్లో కలిపించండి."

రాజు మీసం దువ్వుకున్నాడు. "నిజమే. అందరికీ అర్థమైతే ఇక మన గొప్పేముంది? నారయ్యా, రేపు దాన్ని ఏట్లో పడెయ్."

భట్టు నోట ఏటేటా ఇదే మాట వినీ వినీ నారయ్యకు విసుగెత్తిపోయింది.

"పడేస్తాను ప్రభూ. ముందు ఒక్క పరీక్ష పెట్టండి. నేను చదివింది విన్న మనిషికి, పోయిన నెలే రంగులారిన కొత్త బొమ్మ చూపిద్దాం. దాని గురించి నేనింకా ఒక్క అక్షరం రాయలేదు. శాస్త్రం ప్రకారం చూసి చెప్పలేకపోతే, పుస్తకం నా చేతులతోనే నీళ్ళలో వేస్తాను."

రాజు సరేనన్నాడు. కొత్త బొమ్మలో ఉన్నది తానే మరి. శేషభట్టు పురాణం చెబుతుంటే రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, భక్తిగా వింటున్న బొమ్మ అది. భట్టు దగ్గరుండి గీయించాడు. అందుకని ఆయనా అడ్డు చెప్పలేదు.

మర్నాడు రాజు, భట్టు ఇద్దరూ తెర వెనక నిలబడ్డారు. నారయ్య మజ్జిగమ్మే ఎర్రక్కను పిలిచాడు. రాజుగారినీ భట్టునూ ఆవిడ ఏనాడూ చూసి ఎరగదు.

"ఎర్రక్కా, ఇందులో రాజెవరే?"

ఎర్రక్క కుండ దించి, తల పక్కకు వాల్చి చూసింది. "ముఖ్యమైన మనిషిని అందరికన్నా పెద్దగా గీస్తారని నువ్వే చదివితివి గదయ్యా. అదుగో, తాటాకులు పట్టుకున్న బొజ్జాయన. ఆయనే రాజు."

"మరి ఈ పక్కాయన?"

"తమలపాకులు అందించే ఆయనేమో. పాపం, చేతులు కట్టుకుని కూర్చున్నాడు."

తెర పక్కకు జరిగింది. రాజు గబగబా వచ్చి, రెండు బొమ్మల మీదా చెయ్యి పెట్టి కొలిచాడు. భట్టు బొమ్మ సరిగ్గా నాలుగు వేళ్ళు పెద్దది.

"భట్టూ."

"ఆవిడకేం తెలుసు ప్రభూ, తప్పు చెప్పింది."

"తప్పెక్కడుంది భట్టుగారూ?" అన్నాడు నారయ్య. "ముఖ్యుణ్ణి పెద్దగా గీయాలన్నది మీ శాస్త్రంలోని మాటే. నేను తెలుగులో పెట్టానంతే. శాస్త్రం తప్పంటారా, తమరు గీయించిన కొలత తప్పంటారా? తొందరగా తేల్చండి. ముప్పై ఏళ్ళు ఓపిక పట్టాను, ఇంక నావల్ల కాదు."

రాజు భట్టుకేసి కళ్ళెర్రజేసి చూశాడు గాని, ఎర్రక్క ఇంకా 'పాపం' అన్నట్టు ఆ బొమ్మకేసే చూస్తుండడంతో నవ్వు ఆపుకోలేకపోయాడు.

"రోజూ చూస్తూ నా మీసం తప్ప మరేమీ చూడలేదు నేను. ఈవిడ ఒక్క చూపులో పట్టేసింది." చేతి కడియం తీసి నారయ్యకు తొడిగి, ప్రతి సంతనాడూ మంటపం తలుపులు తెరిచి ఉంచమన్నాడు.

తర్వాత నారయ్యను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "మా తాతగారి బొమ్మలో చేతిమీద చిలుక ఎందుకుందయ్యా? చిన్నప్పటి నుంచీ భట్టు చెబుతుంటే తలూపడమే గాని..."

నారయ్య నిట్టూర్చి తాటాకుల కట్ట ఆయన చేతిలో పెట్టాడు.

"పదమూడో ఆకు ప్రభూ. తెలుగులోనే ఉంది, చదువుకోండి."