దసరా తర్వాత మొదలైన చప్పుడు

అడిగినదానికి జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయించడం పూర్ణబోధస్వామివారి అలవాటు. పెన్న ఒడ్డున ఉన్న వారి ఆశ్రమంలో పెత్తనమంతా శిష్యుడు వామనమూర్తిది. మంచివాడే, పనిలో రాక్షసుడు, కాని నోరు తెరిస్తే నిప్పులే. అదేమిటయ్యా అంటే ఆయన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. ఒకనాటి ఉదయం ఆ మాటే తీసుకెళ్ళి గురువుగారి ముందు పెట్టాడు.

"నా కోపం తాటాకు మంట స్వామీ. భగ్గుమంటుంది, ఆరిపోతుంది. ఏదీ మనసులో దాచుకోను, మరుక్షణం మరిచిపోతాను. అలాంటి కోపం తప్పెలా అవుతుంది?"

స్వామివారు విననట్టే, "కారు చప్పుడు సంగతేమైంది?" అన్నారు.

అంతే, వామనమూర్తికి అరికాలి మంట నెత్తికెక్కింది. దసరా అయిన కొన్నాళ్ళకు మొదలైంది ఆ చప్పుడు. గతుకు వస్తే చాలు, కారు కింద లొటలొట. షెడ్డుకు పంపితే వాళ్ళు సైలెన్సరు బిగించి పంపారు, చప్పుడు మాత్రం తగ్గలేదు.

"అంతా ఆ దస్తగిరిగాడి నిర్వాకం స్వామీ. గుంత చూడడు, రాయి చూడడు. రేపటినుంచి రావద్దని చెప్పేశాను."

"పొమ్మందువుగాని. ముందు ఆ చప్పుడేదో పట్టుకో. నువ్వే పట్టుకో."

గురువు మాట కాదనలేడు కదా. పంచె ఎగ్గట్టి, గోనెపట్టా పరిచి, పళ్ళు నూరుతూ కారు కిందికి దూరాడు. పక్కన నిలబడిన డ్రైవరు దస్తగిరిని, "నవ్వావో, చూడు" అని ముందే హెచ్చరించాడు.

"నవ్వే రాత నాకేడిది సామీ. రేపట్నుంచి ఇంట్లో పొయ్యి ఎట్ల వెలుగుతాదా అని చూస్తాండా."

వామనమూర్తి సైలెన్సరును గుద్దాడు, కదల్లేదు. చక్రాల దగ్గర లాగి చూశాడు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. మోచెయ్యి గీరుకుంది, దానికీ దస్తగిరినే తిట్టాడు. ఆ తిట్టు ఊపులోనే, రాళ్ళు తగలకుండా ఇంజను కింద బిగించిన ఇనుప రేకును ఒక్కటిచ్చాడు. లొటలొట. సందులో చెయ్యి పెట్టి లాగాడు.

కొబ్బరి చెక్క. పెంకు మీద కర్పూరం కాలిన నల్లమచ్చ ఇంకా ఉంది. లోపలి కొబ్బరి ఎండి, ముడుచుకుని, పెంకు వదిలేసి ఆడుతోంది.

దసరానాటి వాహనపూజలో, చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు దస్తగిరి ఆలస్యంగా తెచ్చాడని, కర్పూర హారతి ఇచ్చిన కాయను ఆ కసితో చక్రం ముందు నేలకేసి బాదింది తనే. రెండో చెక్క ఎంత వెతికినా కనబడకపోతే, "దేవుడి కాయ కూడా మిగల్చవా?" అని వంటావిడ సుభద్రమ్మను అందరి ముందూ అన్నదీ తనే. ఆనాటినుంచి ఆవిడ ఆయనతో మాట్లాడదు. వడ్డించేటప్పుడు గరిటె మాత్రం పళ్ళేనికి ఠంగున తగులుతుంది. ఎందుకో ఆయనకు ఇవాళ్టిదాకా తోచలేదు.

"దస్తగిరీ," అన్నాడు కారు కిందినుంచి బయటికి పాకి వచ్చి. "రేపు పొద్దున్నే రా."

"పెందలాడే వస్తా సామీ. నిమ్మకాయలు కూడా తెస్తా."

శిష్యుడు తెచ్చి చూపించిన చెక్కను స్వామివారు అందుకుని చెవి దగ్గర ఆడించి చూశారు. "పచ్చిగా ఉన్నన్నాళ్ళు నోరెత్తలేదు, పాపం," అన్నారు. మళ్ళీ దాన్ని శిష్యుడి చేతిలోనే పెట్టి, "కారుది దొరికింది. ఆ వంటింటి చప్పుడు సంగతి కూడా చూడు నాయనా," అన్నారు.